పికిలిపిట్టకు కాపలా

చెన్నమాంబగారిని ఎవరైనా ప్రశ్న అడిగితే, ముందు వాళ్ల చేతికి చింతపండు గింజలు కొట్టే చిన్న సుత్తి ఇచ్చేవారు. రాయచోటి దగ్గర కొండపాదాన ఉన్న ఆమె ఆశ్రమానికి చింతచెట్లే ఆధారం. గింజ తీయడానికి ఎన్ని చేతులున్నా చాలేవి కావు. జవాబు కోసం వచ్చి, బుట్టెడు పండు కొట్టి, అడిగిందేమిటో మరిచిపోయి ఇంటికి పోయినవాళ్లూ ఉన్నారు.

ఆ రోజు ఓబులమ్మ సుత్తి అందుకోలేదు. నిలబడే అడిగింది.

"విడిచిపెట్టి పోయినోళ్లు మళ్లీ వచ్చి, నేను తల్లిని అంటే సరిపోతాదా అమ్మా?"

ఎవరి సంగతో ఆశ్రమంలో అందరికీ తెలుసు. ఓబులమ్మ చెల్లెలు రెడ్డెమ్మ, మొగుడు పోయాక, పాకే బిడ్డను అక్క ఒళ్లో పెట్టి కువైటుకు ఇంటిపనికి వెళ్లింది. ఓబులమ్మకు పిల్లల్లేరు, భర్త అంతకుముందే పోయాడు. గంగను చంకనేసుకొచ్చి ఆశ్రమం వంటశాలలో కుదురుకుంది. ఇప్పుడు గంగకు ఆరేళ్లు. తిరిగొచ్చిన రెడ్డెమ్మ రెండుసార్లు గేటు దాకా వచ్చింది. రెండుసార్లూ ఓబులమ్మ బిడ్డ పక్కనుంచి కదల్లేదు, బిడ్డ ఆమె కొంగు వదల్లేదు. రెడ్డెమ్మ ఖర్జూరాల పొట్లం అరుగు మీద పెట్టి వెళ్లిపోయింది. ఈ మధ్యాహ్నం బస్సుకు ఇంకొక్కసారి వస్తానని, ఈసారీ బిడ్డ తన దగ్గరికి రాకపోతే మళ్లీ కువైటుకే పోతానని కబురు పంపింది.

పోతే పోనీ, పీడ వదులుతుంది అనుకుంది ఓబులమ్మ. అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. అందుకే దాన్ని ప్రశ్నగా మార్చి గురువు ముందు పెట్టింది.

చెన్నమాంబగారు గింజల తట్ట చేతికిచ్చారు. తీసిన గింజలు బయట పారబోసి రమ్మన్నారు.

జామచెట్టు కింద, ఎండుటాకుల్లో, ఒక పికిలిపిట్ట పిల్ల కనిపించింది. ఒంటినిండా ఈకలున్నాయి గానీ తోక ఇంకా బొటనవేలంత కూడా లేదు. నోరు తెరిచి అరుస్తోంది. చుట్టూ ఎవరూ లేరు. దాన్ని చూడగానే ఓబులమ్మ గుండె నీరైపోయింది. "నిన్ను గూడా పారేసి పోయినారా తల్లీ" అంటూ పక్కనే చతికిలబడింది.

ఆ ఆశ్రమంలో ఒక నియమం ఉంది. ఆపదలో ఉన్న ప్రాణిని మొదట ఎవరు చూస్తే, అది తేరుకునేదాకా దాని భారం వాళ్లదే. అది తినకుండా వాళ్లు తినకూడదు. ఓబులమ్మ నియమాల్లో గట్టి మనిషి. ఎండ తగలకుండా తట్ట అడ్డం పెట్టింది. పొంచి చూస్తున్న పిల్లిని తరిమింది. అన్నం మెతుకు నలిపి నోటికి అందిస్తే పిల్ల మింగలేదు. పైన కొమ్మ మీద రెండు పెద్ద పిట్టలు ఒకటే గోల చేస్తుంటే, పసిదాన్ని పొడవడానికి వచ్చాయనుకుని మట్టిబెడ్డలు విసిరింది. అవి ఎగిరిపోయి మళ్లీ వచ్చాయి. మళ్లీ విసిరింది.

పొద్దు నడినెత్తికి వచ్చింది. పిల్ల అరుపు సన్నబడింది. ఓబులమ్మ మెతుకు ముట్టలేదు. ఇంత పెద్ద లోకంలో తానూ ఆ పిల్లా తప్ప మరెవరూ లేనట్టు అనిపించి, ఊరికే కళ్లమ్మట నీళ్లు కారాయి.

"ఓబులమ్మా, ఇట్రా" అని వసారాలోంచి పిలిచారు చెన్నమాంబగారు.

"ఎట్లా వచ్చేదమ్మా? నియమం పెట్టింది మీరే గదా!"

"నేనే పెట్టినా. ఇట్రా."

ఓబులమ్మ కాళ్లీడ్చుకుంటూ వచ్చి స్తంభం వెనక కూర్చుంది. గురువుగారు సుత్తి చేతికిచ్చారు. ఈసారి తీసుకుంది గానీ చూపు జామచెట్టు మీదే ఉంది. చాలాసేపు ఏమీ జరగలేదు. తర్వాత కొమ్మ మీంచి ఒక పిట్ట దిగింది. నోట్లో పచ్చపురుగు ఉంది. అటూ ఇటూ చూసి, గెంతుకుంటూ వెళ్లి, పిల్ల నోట్లో కుక్కి ఎగిరిపోయింది. వెంటనే రెండోది వచ్చింది.

"పొద్దున్నుంచి యాడికి పోయినాయమ్మా ఇవి?"

"యాడికీ పోలేదు. నువ్వు బెడ్డలేసింది వాటినే."

ఓబులమ్మ చేతిలో సుత్తి ఆగిపోయింది.

"రెక్కలు రాని కూన అయితే ఎత్తి గూట్లో పెట్టమనేదాన్ని. దీనికి వచ్చినాయి. నేల మీద ఎగిరేది నేర్చుకుంటాండాది."

"నేను కాచినా గదమ్మా దాన్ని! నేను లేకుంటే పిల్లి నోట్లో పడిపోయేది."

"పడిపోయేదే. నువ్వు కాచింది అబద్ధం కాదు" అన్నారు చెన్నమాంబగారు.

దూరాన బస్సు హారన్ వినిపించింది. కాసేపటికి గేటు దగ్గర రెడ్డెమ్మ కనిపించింది, చేతిలో మళ్లీ ఖర్జూరాల పొట్లం. లోపల్నుంచి గంగ పరుగున వచ్చి ఓబులమ్మ కొంగు పట్టుకుంది. ఎప్పటిలాగే ఓబులమ్మ బిడ్డను దగ్గరికి లాక్కోబోయింది. అంతలో జామచెట్టు వైపు చూసింది. మెల్లగా ఆ చిన్న వేళ్లలోంచి కొంగు విడిపించుకుంది.

"ఎండన పడి వచ్చినాది. చెంబుతో నీళ్లు తీసుకుపోయి ఇవ్వు పో."

"నువ్వూ రా పెద్దమ్మా."

"నాకు పనుండాది. నువ్వు పో."

గంగ రెండడుగులు వేసి వెనక్కి చూసింది. ఓబులమ్మ తలొంచుకుని, గింజలేని పండునే మళ్లీ మళ్లీ కొడుతోంది. బిడ్డ చెంబు పట్టుకుని గేటు వైపు నడిచింది. అయిదేళ్లుగా బరువెక్కిన ఒడి ఒక్కసారిగా తేలికైపోతే, ఆ తేలికను ఓర్చుకోవడం ఆమె వల్ల కాలేదు.

"మరి నేను యాడ కూర్చోవాలమ్మా ఇంక?" అని అడిగింది.

చెన్నమాంబగారు బుట్టను ఆమె వైపు జరిపారు.

"పిల్లి వస్తే కనపడేంత దూరంలో."