తోటలో గుండు ఉండరాదు

బండగిరిని ఏలే ఓబళరాజుకు ఉన్నట్టుండి తన తోట మీద విరక్తి పుట్టింది. పొరుగు రాజు తోట చూసొచ్చాడు మరి. అక్కడ నేలంతా అరచేతిలా చదునుగా ఉందట, పూలమడులు బారులు తీరి ఉన్నాయట. తన తోటలో ఏముంది? ఎటు చూసినా రాతి గుండ్లు. ఏనుగు గుండు, జంట గుండ్లు, కూర్చున్న కప్పలాంటి గుండు. రాజుగారి తాత వాటి మధ్యే సందు చూసుకుని మల్లెలూ పారిజాతాలూ నాటించాడు.

"వచ్చే పౌర్ణమికి ఆయన మన తోటకు వస్తున్నాడు. ఈ గుండ్లు చూసి నవ్విపోతాడు," అని రాజు సభలో వాపోయాడు.

వెంటనే ముకుందరాయుడు లేచాడు. తోటల అధికారి. రాజు తుమ్మితే తానూ తుమ్మే రకం. కిందటి నెల జ్వరం తగ్గిందని రాజు కులదైవానికి తలనీలాలు ఇస్తే, ఏ మొక్కూ లేని ఈయన కూడా పక్కనే కూర్చుని గీయించుకున్నాడు. అప్పటినుంచి ఇద్దరూ తలపాగా తీస్తే ఒట్టు.

"అన్నీ పగలగొట్టించేద్దాం ప్రభూ. పాలరాతి నెమళ్ళు పెట్టిద్దాం," అన్నాడు.

"అంతే. రేపు పొద్దుటి నుంచి మా తోటలో ఒక్క గుండు కూడా ఉండరాదు," అని రాజు ఆజ్ఞ వేశాడు. "వాటి తరఫున ఎవరైనా నోరు విప్పితే, వాళ్ళనీ ఆ రాళ్ళు మోసే ఎడ్లబండే ఎక్కించి పొలిమేర దాటించండి."

మాట అంతఃపురానికి చేరగానే రాజమాత కోనమాంబ కూలబడిపోయారు. ఏటా ఆవిడ వడియాలు పెట్టేది ఏనుగు గుండు మీదే. దాసీలు మేడ మీద పెడతామన్నా వినరు. ఎండకు ఆ గుండు కాగినట్టు మేడ కాగదట. వాన కురిస్తే దాని నెత్తిన గుంటలో పిచ్చుకలు స్నానాలాడతాయి. చలికాలం సాయంత్రాల్లో దానికి వీపు ఆనించి కూర్చుంటే ఆవిడ మోకాళ్ళ నొప్పులు కూడా మరిచిపోతారు.

రాజుగారికి తాంబూలం అందించే తిప్పనను పిలిపించారు.

"మావాడు చిన్నప్పుడు ఆ గుండు మీంచి జారి జారి ఎన్ని లాగులు చింపుకున్నాడో నాకు తెలుసు. ఇవాళ దాన్నే పగలగొట్టిస్తాడట. నువ్వే ఏదో ఒకటి చెయ్యి నాయనా."

"నోరు విప్పితే నా కొలువూ ఊరూ రెండూ పోతాయమ్మా," అన్నాడు తిప్పన. వాడికి నిజంగానే భయమేసింది. కానీ ఆవిడ కొంగుతో కళ్ళొత్తుకుంటుంటే ఉండబట్టలేకపోయాడు. "సరే. గుండ్ల తరఫున మాట్లాడను. ఆజ్ఞ తరఫునే మాట్లాడతాను."

ఆ సాయంత్రం రాజుకు తాంబూలం ఇస్తూ, ముకుందరాయుడు పక్కనుండగానే, అమాయకంగా అడిగాడు.

"రేపు తోట గుమ్మం దగ్గర నేను నిలబడి ఆజ్ఞ అమలు చేయిస్తాను ప్రభూ. కానీ చిన్న గుండైతే వదిలేయొచ్చా?"

"చిన్నదైనా పెద్దదైనా గుండు గుండే," అన్నాడు ముకుందరాయుడు, రాజు నోరు తెరిచేలోపే.

"అమ్మగారు పైన గుడ్డ కప్పి దాచితే?"

"గుడ్డ కప్పితే గుండు కాకుండా పోతుందా? లాగిపారెయ్."

"ఎవరిదైనా?"

"ఎవరిదైనా," అన్నాడు రాజు ఆవులిస్తూ.

పొద్దున్నే రాజూ అధికారీ కబుర్లాడుకుంటూ తోటకు వచ్చారు. గుమ్మం దగ్గర ఎడ్లబండి, సమ్మెటలు పట్టుకున్న రాతిపనివాళ్ళు, మధ్యలో తిప్పన.

"కాస్త ఆగండి అయ్యవారూ," అంటూ తిప్పన ముకుందరాయుడి తలపాగా లాగాడు. నున్నటి తల మీద ఎండ పడి తళుక్కుమంది.

"గుండు దొరికింది. బండి ఇటు తోలండి."

"పగలగొట్టాలా, అట్టాగే ఎత్తాలా?" అని అడిగాడు ఒక పనివాడు సమ్మెట పైకెత్తి.

రాజుకు నవ్వాగలేదు. గుమ్మం పట్టుకుని, పొట్ట పట్టుకుని, చివరికి బండి చక్రం పట్టుకుని నవ్వాడు.

ముకుందరాయుడికి ఒళ్ళు మండిపోయింది. "గుండంటే నాదొక్కటే కనిపించిందా నీకు? ఆ తలపాగా కింద ప్రభువులదీ గుండే కదా," అనేశాడు. అనేశాక నాలిక కరుచుకున్నాడు.

రాజు నవ్వు టక్కున ఆగింది. పనివాడు సమ్మెట వెనక్కి దాచుకున్నాడు.

"ఏం తిప్పనా," అన్నాడు రాజు నెమ్మదిగా. "మరి నన్నూ బండెక్కిస్తావా?"

"ఎంత మాట ప్రభూ. గుండ్లు తోటకు అందమని తమరు ఒక్క మాట సెలవిస్తే చాలు, అన్నిటికన్నా అందమైన గుండు ముందు లోపలికి దయచేయొచ్చు."

రాజు తన ముత్యాల తలపాగా తానే తీసి తిప్పన నెత్తిన పెట్టాడు.

"ఉంచుకో. గుండ్లు దాచుకోవడం ఇవాళ్టితో సరి," అంటూ పరుగున వెళ్ళి ఏనుగు గుండు ఎక్కాడు. సర్రున జారాడు. పట్టు పంచె పర్రున చిరిగింది.

"పొరుగు రాజు వస్తే ఎలా ప్రభూ?" అన్నాడు ముకుందరాయుడు ఏడుపు గొంతుతో.

"వాణ్ణీ జారమందాం. నువ్వు మాత్రం ఈ వేసవంతా ఇక్కడే కూర్చుని అమ్మ వడియాల మీద కాకులు వాలకుండా చూడు."

అప్పటికే రాజమాత గుమ్మడికాయ వడియాల పిండి గిన్నెతో వచ్చేశారు. గుండు పక్కన ముకుందరాయుడు కూర్చున్నాడు. ఎండలో రెండూ ధగధగలాడుతున్నాయి.

తిప్పన ఆవిడ చెవి దగ్గరకు వంగాడు.

"కాస్త చూసి పెట్టండమ్మా. రెండూ నున్నగానే ఉన్నాయి."