జైలుకు వెళ్ళాల్సిన రోజు

"స్వామీ, జబ్బుచేసిన మనిషి జైలుకు వెళ్ళడానికి గడువు అడిగితే నాకెందుకింత ఒళ్ళు మండుతోంది? ఇది నా తప్పా?"

నాగావళి ఒడ్డున ఉన్న ఆశ్రమంలో అచ్యుతం ఈ మాట అడిగేసరికి, అతని గురువు పూర్ణబోధస్వామి చింతపండులో గింజలు తీస్తున్నారు. ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పడం ఆయనకు అలవాటు లేదు. "అసిరయ్యకు గంజి పట్టావా?" అని మాత్రం అడిగారు.

అసిరయ్య పక్షవాతంతో పడిపోయిన మనిషి. అతని మందుల కోసం భార్య పైడమ్మ నాటుసారా అమ్మి పట్టుబడింది. శిక్ష పడింది. జైలుకు వెళ్ళాల్సిన రోజున మొగుణ్ణి రిక్షాలో తెచ్చి ఆశ్రమం వరండాలో పడుకోబెట్టి, కొంగుతో అతని నోరు తుడిచింది. "గంజి పల్చగా పట్టండి బాబూ, చిక్కగా ఉంటే మింగనేడు" అని అచ్యుతానికి చెప్పి కోర్టుకు నడిచింది. స్వామి ఆమె వెంట వెళ్ళి, ఒక్కరే తిరిగొచ్చారు. అక్కడేం జరిగిందో ఎవరికీ చెప్పలేదు.

అచ్యుతానికి ఒళ్ళు మండించిన మనిషి వేరు. కంట్రాక్టరు చక్రధరరావు. సిమెంటు మిగుల్చుకుని కట్టించిన గోడ కూలి అతని దగ్గర పనిచేసే కూలీలు చచ్చిపోయారు. జైలుశిక్ష పడింది, అప్పీలు కూడా కొట్టేశారు. ఒకసారి గుండె దడ అన్నాడు, గడువిచ్చారు. ఇంకోసారి కూతురి పురుడన్నాడు, మళ్ళీ ఇచ్చారు. చచ్చినవాళ్ళ ఇళ్ళలో పురుళ్ళు రావా అని అచ్యుతం పళ్ళు నూరేవాడు.

ఆ మధ్యాహ్నమే చక్రధరరావు ఆశ్రమం ముందు కారు దిగాడు. స్వామికి దణ్ణం పెట్టి వరండాలో కూర్చున్నాడు.

"సోమవారం లొంగిపోవాలి స్వామీ. నాకు బీపీ దిగడం లేదు. మా అమ్మ మంచం పట్టింది. ఇక్కడ వైద్యం చేయించుకుంటున్నానని మీరొక్క మాట చెబితే జడ్జిగారు కాదనరు."

"అమ్మగారిని ఇక్కడికి తీసుకురండి బాబూ. అచ్యుతం కన్నకొడుకులా చూసుకుంటాడు. మీరు నిశ్చింతగా వెళ్ళిరండి."

చక్రధరరావు ఇబ్బందిగా నవ్వాడు. "అబ్బే, అమ్మకేం లోటు స్వామీ! ఇంట్లో ఇద్దరు నర్సులున్నారు."

అసిరయ్య పక్కన కూర్చుని గంజి పడుతున్న అచ్యుతం విసురుగా అతని వైపు తిరిగాడు. గంజి ఒలికి అసిరయ్య మెడ మీదుగా కారింది. చక్రధరరావు అటు తిరిగి, ఎవరీ మనిషని అడిగాడు. స్వామి పైడమ్మ సంగతి రెండు ముక్కల్లో చెప్పారు.

"అయ్యో పాపం!" అన్నాడు చక్రధరరావు. ఆ జాలి నటన కాదు. "మొగుణ్ణి ఇలా వదిలేసి ఎలా వెళ్ళిందండీ? ఆవిడ కూడా గడువు అడగాల్సింది. తప్పకుండా ఇచ్చేవారు. జడ్జిగారు మనసున్న మనిషి."

అచ్యుతం తలెత్తి చూశాడు. ఇన్నేళ్ళలో స్వామి కళ్ళు అలా ఎర్రబడడం అతను ఎన్నడూ చూడలేదు.

"అడిగింది," అన్నారు స్వామి. "ఆ జడ్జిగారినే."