గవ్వలదిబ్బ అటకమ్మ తల్లి - మూట దించే పండుగ

గోదావరి పాయ ఒకటి సముద్రంలో కలిసేచోట, సరుగుడు తోటలకు ఆవల, గవ్వలదిబ్బ అనే పల్లె ఉంది. ఊరి కంటే ఎత్తైన దిబ్బ మీద అటకమ్మ తల్లి కొలువై ఉంది. కొత్తగా వచ్చిన భక్తులు గర్భగుడిలోకి తొంగిచూసి, ఖాళీ నేల తప్ప ఏమీ కనిపించక తెల్లమొహం వేస్తారు. అమ్మవారు కింద ఉండదు. తాటిదూలాల మీద పరచిన అటకపై, ఒడిలో మూట పెట్టుకుని, కాళ్లు కిందికి వేలాడేసి కూర్చుని ఉంటుంది. దర్శనానికి నిచ్చెన ఎక్కాలి. పైన దూలం అడ్డం వస్తుంది కనుక తల వంచాలి. వంచని వారికి బొప్పి కట్టడం కూడా అమ్మ అనుగ్రహమేనని పూజారులు నవ్వుతూ అంటారు.

ఈ తల్లికి కొబ్బరికాయ కొట్టరు. ఇంటి అటక మీద ఏడాదిపాటు దాచిన మూటను తెచ్చి విప్పడమే ఆమెకు నివేదన. ఈ ఆచారం ఎలా వచ్చిందో భక్తుల కోసం ఇక్కడ వ్రాస్తున్నాము.

పూర్వం ఇక్కడ చేపల వేటకు వెళ్లే పల్లెకారుల ఇళ్లు మాత్రమే ఉండేవి. గాలివాన వచ్చినప్పుడల్లా జనం దిబ్బ ఎక్కి ప్రాణాలు దక్కించుకునేవారు. ప్రాణం దక్కేది గానీ కడుపు నిండేది కాదు. బియ్యం ఒక మూల, ఉప్పు ఇంకో మూల, చెకుముకి రాయి ఎక్కడ పెట్టారో ఇంట్లో ఎవరికీ గుర్తుండదు. నీళ్లు గుమ్మంలోకి వచ్చాక వెతుక్కుంటే ఏం దొరుకుతుంది? వాన తగ్గేవరకూ దిబ్బ మీద పిల్లలు ఆకలికి ఏడుస్తుంటే, పెద్దలు ఒకరినొకరు తిట్టుకుంటూ కూర్చునేవారు.

ఆ పల్లెలో పోలమ్మ అనే పెద్దావిడ ఉండేది. నోరు పెద్దది, భక్తి అంతకంటే పెద్దది. ఒక మధ్యాహ్నం వల బాగుచేస్తూ గోడకు చేరబడి కునుకు తీసిన ఆమెకు కల వచ్చింది. కలలో తన ఇంటి అటక మీదే ఒక స్త్రీ కాళ్లు వేలాడేసి కూర్చుని ఇలా పలికింది: "పోలమ్మా, మీ పస్తులు చూడలేకుండా ఉన్నాను. ఇంటింటా ఒక మూట కట్టండి. తినేవి, నిప్పు చేసుకునేవి, పొడి గుడ్డలు, తాడు అన్నీ ఒక్కచోట పెట్టి అటక ఎక్కించండి. పక్కన మంచినీళ్ల కుండ ఉంచండి. గాలి మొదలవగానే ఆ రెండూ పట్టుకుని దిబ్బ ఎక్కండి. అంతవరకూ నేను కాపలా ఉంటాను."

పోలమ్మ ఆ మాట ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. అందరూ మూటలు కట్టారు. అడుగున తాడు, దాని మీద మడతపెట్టిన పాత చీర, ఆపైన అటుకులు, బెల్లం, ఉప్పు, శొంఠి. తడుముకోకుండా చేతికి అందాలని ఎండు సొరకాయ బుర్రలో దూది, చెకుముకి పెట్టి అన్నిటికంటే పైన ఉంచారు. తాటిచాపలో చుట్టి అటక ఎక్కించారు.

అంతవరకూ బాగానే ఉంది. అయితే అమ్మవారు చెప్పిన మూట కదా అని దానికి పసుపు రాశారు, కుంకుమ పెట్టారు. ధూపం వేశారు. ఇక దాన్ని ముట్టుకోవడమే అపచారమైపోయింది. ఎవరి మూట ఎంత పాతదైతే వారికి ఊళ్లో అంత గౌరవం. అమ్మ దయవల్ల చాలా ఏళ్లు పెద్ద గాలివాన రాలేదు. అందరి కంటే పాత మూట పోలమ్మదే గనుక ఆమెను పట్టేవారే లేకపోయారు.

పోలమ్మ కొడుక్కి ఎగువన ఉన్న రైతుల ఊరి నుంచి మంగాయి అనే పిల్ల కోడలిగా వచ్చి, వేరు కాపురం పెట్టింది. విత్తనాల కుండలను ఏటా దించి, ఎండబెట్టి, పాడైనవి తీసేయడం పుట్టింట్లో చూసి పెరిగిన పిల్ల. ఆ అలవాటు కొద్దీ ఏటా గాలుల కాలం రాకముందే తన మూట దించి, పాత అటుకులు వీధిలో పిల్లలకు పంచి, కొత్తవి పెట్టి కట్టేది. ఈ సంగతి తెలిసి పోలమ్మ వీధిలోకి వచ్చి కొంగు బిగించింది.

"అమ్మోరి మూట ఇప్పేసి తినేత్తావేంటే? నీ కడుపు కాలా! మళ్లీ నా గుమ్మం తొక్కితే సూడు!"

"కట్టమన్న తల్లి ఇప్పొద్దని ఎప్పుడు సెప్పిందత్తా? పురుగట్టింది పెడితే ఆవిడ మాత్రం ఎలా తింటాది?" అంది మంగాయి.

ఆ రోజు నుంచి అత్తాకోడళ్లకు మాటలు లేవు. పోలమ్మ కూతురు కనకం పురిటికి వచ్చినప్పుడు కూడా మంగాయిని పిలవలేదు.

కనకం ఇంకా పచ్చి బాలింతగా ఉండగానే సముద్రం పొంగింది. ఊరంతా మూటలు, కుండలు నెత్తిన పెట్టుకుని దిబ్బ ఎక్కి, వలలు దాచే పాకలో చేరింది. కనకం చలికి వణికిపోతోంది. ఆమెకు పాలు పడలేదు. ఒడిలో బిడ్డ పెదవులు నీలంగా మారుతున్నాయి. పోలమ్మ దండం పెట్టి మూట విప్పింది. అటుకులు పొడైపోయి పురుగులు పాకుతున్నాయి. దూదికి బూజు పట్టింది. చీర పట్టుకుంటే చినిగిపోయింది. కుండలో నీళ్లు ఏనాడో ఇంకిపోయి అడుగున మట్టి మిగిలింది. మిగిలినవారి మూటలూ అంతే.

"నీ మాట ఇన్నందుకు ఇదా తల్లీ!" అని పోలమ్మ నెత్తి కొట్టుకుంది.

పాకలో ఆ చివర కూర్చున్న మంగాయి లేచి వచ్చింది. తన మూట విప్పి, సొరబుర్ర మూత తీసి, పొడి దూది మీద చెకుముకి కొట్టి, పాక లోపలి తాటాకులు పీకి మంట చేసింది. బిడ్డను పాత చీరలో చుట్టి వెచ్చగా పెట్టింది. తన కుండలోని నీళ్లు కాచి, శొంఠీ బెల్లమూ కలిపి కనకం చేత తాగించింది. కొంతసేపటికి బిడ్డ గట్టిగా ఏడ్చింది. ఆ ఏడుపు విని పాకలోని వారందరూ ఏడ్చారు.

మంగాయి అటుకులు నానబెట్టి అందరికీ పిడికెడు చొప్పున పంచి, చివరికి అత్త ముందు పెట్టింది. పోలమ్మకు చెయ్యి రాలేదు.

"మేం ఆవిడకి మొక్కాం. ఆవిడ మాట ఇన్నది నువ్వొక్కదానివే" అంది. "నీ సేత్తో పెట్టవే అమ్మా, తింటాను."

మంగాయి పెట్టింది. పోలమ్మ తిన్నది.

నీరు తీశాక దిబ్బ అంచున మంగాయి ఇంటి అటక దూలాలతో సహా కొట్టుకువచ్చి ఆగి ఉంది. దాని మీద, ఎక్కడ చెక్కినదో ఎవరికీ తెలియని కొయ్య మూర్తి ఒకటి కూర్చుని ఉంది. ఒడిలో మూట, ఆ మూటకు విప్పిన ముడి. ఆ మూర్తినే అటకతో సహా నిలిపి గుడి కట్టారు.

నేటికీ ఆశ్వయుజ మాసపు తొలి ఆదివారం నాడు ప్రతి ఇంటా అత్త నిచ్చెన పట్టుకుంటే కోడలు మూట దించుతుంది. కోడలు లేని ఇంట కూతురు, ఇద్దరూ లేని ఇంట మగవారే ఆ పని చేస్తారు. గడువు తీరిన మందుబిళ్లలు తీసేసి కొత్తవి పెడతారు. కొవ్వొత్తులు, అగ్గిపెట్టె, రేషన్ కార్డు నకలు ప్లాస్టిక్ కవరులో చుట్టి పైనే ఉంచుతారు. గుడిలో కర్పూర హారతికి బదులు ప్రతి కుటుంబం తమ టార్చిలైటు అమ్మవారి ముఖం మీద వేసి చూపుతుంది. టార్చి వెలగని వారు అక్కడి దుకాణంలోనే బ్యాటరీలు కొనుక్కుని మళ్లీ వరుసలో నిలబడాలి.

తరువాత పాత మూటల్లోని అటుకులూ బెల్లమూ అన్నీ ఒక గంగాళంలో కలిపి ప్రసాదం చేస్తారు. గాలివానకు మూట ఖర్చయిన వారు ఖాళీ గుడ్డతో వస్తారు, వారి కొత్త మూటకు అందరూ తలా ఒక పిడికెడు వేస్తారు. మొదటి ముద్ద అత్తకు కోడలు పెడుతుంది. ఏడాది పాతవి కాబట్టి అటుకులు కాస్త మెత్తబడి ఉంటాయి, బెల్లం నల్లబడి ఉంటుంది. రుచి గురించి ఎవరూ ఒక్క మాట అనరు. ఏడాదంతా ఆ మూటతో పని పడలేదు, ఇంట్లో అందరూ క్షేమంగా ఉండి దాన్ని పంచుకుని తింటున్నారు. ఇంతకంటే ఏ వరం కావాలని కళ్లకద్దుకుని తింటారు.