బొట్టు పెట్టిన క్రాంకు

కాళ్ళు అటు జరుపుకో తల్లీ, నా మోకాళ్ళ మీదకెక్కకు. పొద్దున్నుంచీ నిలబడే ఉన్నాను, ఒళ్ళంతా పచ్చిపుండులా ఉంది. ఒక్క కథే చెప్తా. మధ్యలో ప్రశ్నలు వేశావంటే దీపం ఆర్పేస్తా.

అనగనగా కొండ దిగువన ఒక ఊళ్ళో దయామణి అని ఒక నర్సమ్మ ఉండేది. కొండమీది పల్లెల్లో పురుళ్ళు పొయ్యడం ఆవిడ పని. బస్సేమో కొండెక్కదు. అందుకని వాళ్ళ నాన్న వదిలిపోయిన పాత మోటారు సైకిలు మీద, కుచ్చిళ్ళు ఎగదోపుకుని, మందుల సంచీ వెనక కట్టుకుని తనే వెళ్ళేది. నవ్వకు. ముందు ఊరంతా నవ్వింది, ఆ తర్వాత అలవాటు పడింది.

ఆ బండికి రెండు సిలిండర్లు. అంటే పక్కపక్కనే రెండు గదులు. ఒక్కో గదిలో ఒక్కో పిస్టను, అన్నదమ్ముల్లాగా. ఇద్దరి కాళ్ళూ కింద ఒకటే ఇరుసుకి తగిలించి ఉంటాయి. దాన్ని క్రాంకు అంటారు. ఆ బండిలో అన్న పైకి లేస్తే తమ్ముడు కిందికి దిగాలి, తమ్ముడు లేస్తే అన్న దిగాలి. ఒకడి ఊపుని ఇంకొకడు ఆపుతాడు, బండి మెత్తగా పోతుంది. ఇద్దరూ కలిసే లేచి కలిసే దిగే బండ్లూ ఉన్నాయిలే. అవి వేరే జాతి. ఒళ్ళు ఊపేస్తాయి.

ఒక ఏడు దసరా ముందు ఆ క్రాంకు బేరింగు అరిగిపోయి గోల పెట్టింది. అప్పుడు దయామణి బండిని సింహాచలం మేస్త్రికి అప్పగించింది. చుట్టుపక్కల నలభై ఊళ్ళకి ఆయనొక్కడే మేస్త్రి. మాట కరుకు, పని మాత్రం నికార్సు.

ఆయనకో పద్ధతి ఉండేది. ఏ ఇంజను విప్పినా, మళ్ళీ కలవాల్సిన రెండు ముక్కల మీదా చిన్న కుంకుమ బొట్టు పెట్టుకునేవాడు. బిగించేటప్పుడు బొట్టుకి బొట్టు కలిపి బిగించేవాడు. "సుద్ద సెరిగిపోద్ది, నూని మీద కుంకం నిలబడద్ది" అనేవాడు. అలాగే ఈ క్రాంకునీ నడిమికి రెండు ముక్కలు చేసి, బొట్లు పెట్టి, బల్లమీద ఉంచాడు.

మర్నాడు ఆయుధపూజ. ఆయన భార్య పైడమ్మ తలంటు పోసుకుని, కుంకుమ భరిణె పట్టుకుని షెడ్డులోకొచ్చింది. సుత్తికి బొట్టు, పానాలకి బొట్టు, గాలి పంపుకి బొట్టు. ఆ తర్వాత బల్లమీదున్న క్రాంకుని చూసింది. అయ్యో, ఇంత జిడ్డేమిటని పాత గుడ్డతో శుభ్రంగా తుడిచి, కళ్ళకద్దుకుని, దానికీ తనకి తోచిన చోట నిండుగా బొట్లు పెట్టింది. మహా భక్తిలే.

పండగ వెళ్ళాక మేస్త్రి వచ్చి, అవి తను పెట్టిన బొట్లే అనుకుని, బొట్టుకి బొట్టు కలిపి బిగించేశాడు. తమ్ముడు సగం చుట్టు తిరిగిపోయి అన్న పక్కకొచ్చి నిలబడ్డాడు. ఇంక ఇద్దరూ కలిసే లేస్తారు, కలిసే దిగుతారు. మేస్త్రి చేతిలో తిరిగినవన్నీ ఆ వేరే జాతి బండ్లే, అందుకని ఆయన కంటికి అది తప్పుగా కనబడలేదు. తమ్ముడికి నిప్పు, అదే పెట్రోలుని అంటించే రవ్వ, వేళకి అందకపోతే, నిప్పునే వాడి దగ్గరికి జరిపాడు. బండి పలికింది.

అప్పుడు మొదలయ్యాయి నర్సమ్మ పాట్లు.

మొదటిసారి కొండెక్కి బండి దిగేసరికి, హేండిలు అదురుకి వేళ్ళు ఆవిడవి కావు. చీమలు పాకినట్టు జివ్వుమని, ఆ తర్వాత చచ్చుబడిపోయాయి. బిడ్డ పుట్టింది గానీ బొడ్డుకి దారం ముడి వెయ్యలేకపోయింది. ఆ బిడ్డ నాయనమ్మే వేసింది. మేస్త్రికి చెబితే ఇంజను బోల్టులన్నీ మళ్ళీ బిగించాడు.

రెండోసారి చేతిలో గాజు సిరంజి నిలవలేదు. జారి భళ్ళున పగిలింది. అప్పుడు మేస్త్రి హేండిలుకి కొత్త రబ్బరు తొడుగులు వేశాడు.

మూడోసారి కొండమ్మ అని ఒక నెలలు నిండుతున్న పిల్లని చూడ్డానికి వెళ్ళింది. ఇంతే ఉంటుంది, వెదురు బొంగులాగా. కడుపు మీద చేతులు పెడితే లోపల తల ఎక్కడుందో, కాళ్ళెక్కడున్నాయో ఏమీ తెలియలేదు. గంటసేపు అరుగు మీద కూర్చుని, చేతులు రుద్దుకుని, మళ్ళీ పెట్టి చూస్తే అప్పుడు తెలిసింది, లోపల ఒక్కరు కాదు ఇద్దరని. మరి రేపు నొప్పులొచ్చాక గంటసేపు ఎవరాగుతారే?

దయామణి తిన్నగా షెడ్డుకే వచ్చింది. మేస్త్రికి కోపం ముక్కు మీదే ఉంది.

"నలభై ఏళ్ళ నుంచి సేస్తన్నాను. బండికేటీ నేదు. నీ సేతుల్లోనే ఏదో జబ్బుంది, సూపించుకో" అనేశాడు.

ఆవిడ తిట్టలేదు. తిట్టే ఓపిక కూడా లేదు పాపం. అక్కడున్న స్టూలు మీద కూలబడింది.

"అదే నిజమేమో మేస్త్రీ. కొండమ్మకి పది రోజుల్లో నొప్పులొస్తాయి. కడుపులో ఇద్దరు. ఒకడి తల కిందికి, ఇంకొకడి తల పైకి. అలా ఎదురూ బొదురుగా సర్దుకున్నారు గనకే ఆ చిన్న కడుపులో ఇమిడారు. రెండోవాణ్ణి నేను చేత్తో తిప్పి తియ్యాలి. ఈ చేతులతో ఆ పిల్లని చంపుకోలేను. ఉద్యోగం మానేస్తానని రేపు కాగితం పెట్టేస్తాను" అంది. అని బండిని అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది.

ఒకడు పైకి, ఒకడు కిందికి. ఆ మాట మేస్త్రి చెవిలోంచి పోలేదు. విప్పిన రోజు ఈ బండి అన్నదమ్ములూ అలాగే ఉన్నారని గుర్తొచ్చి, పైడమ్మని పిలిచాడు.

"పండగనాడు బల్లమీద క్రాంకుకి కూడా బొట్టు ఎట్టీసినావేటే?"

"ఎట్టకుండా ఎలాగుంటాను? తుడిసి మరీ ఎట్టినాను."

ఇంకేముంది! మేస్త్రి ఇంజను మూతలు రెండూ విప్పి, చేత్తో తిప్పి చూశాడు. అన్నదమ్ములిద్దరూ ఒకేసారి పైకి లేచారు, ఒకేసారి దిగారు. ఆయన మొహం నల్లబడిపోయింది. భార్యని ఒక్క మాట అనలేదు. అనుంటే నేనే ఈ కథ చెప్పేదాన్ని కాదు.

గుట్టుగా బాగుచేసి, "రబ్బరు మార్చాను" అంటే ఎవరికి తెలుస్తుంది? నలభై ఊళ్ళలో పేరున్న మనిషి. అయినా ఆ మసి చేతులతోనే దయామణి ఇంటికి వెళ్ళాడు. ఆవిడ గుమ్మంలో కూర్చుని ఉద్యోగం మానే కాగితం రాసుకుంటోంది.

"ఆ కాగితం సింపీ అమ్మా. జబ్బు నీ సేతుల్లో నేదు. నా సేతుల్లో ఉంది" అన్నాడు.

ఆ తర్వాత మూడు రోజులు మేస్త్రి అన్నం సరిగ్గా తినలేదు. మొదటిరోజు ఇంజను పూర్తిగా దించాడు. రెండోరోజు క్రాంకుని లేతు షెడ్డుకి మోసుకెళ్ళి, ఊడదీయించి, సగం చుట్టు తిప్పి మళ్ళీ దిగ్గొట్టించాడు. మూడోరోజు నిప్పుని పాత చోటికి జరిపి, ఇంజనుని బండికెక్కించి, దయామణి చేతికి తాళమిచ్చాడు.

తొమ్మిదో రోజు పొద్దున్నే కొండ మీంచి మనిషొచ్చాడు, కొండమ్మకి నొప్పులని. దయామణి బండి తీసింది. మేస్త్రి ఆ రోజు షెడ్డులో ఏ పనీ ముట్టుకోలేదు. రోడ్డు మీదకి వచ్చి చూడ్డం, లోపలికి పోవడం, మళ్ళీ రావడం.

కొండ మీద దయామణి బండి దిగిన కాళ్ళతోనే లోపలికెళ్ళి, కడుపు మీద చేతులు పెట్టింది. తల తెలిసింది. వీపు తెలిసింది. మొదటివాడు తిన్నగా వచ్చేశాడు. రెండోవాడు కాళ్ళు ముందు పెట్టాడు, వెధవ. వాణ్ణి మెల్లిగా పట్టి, తిప్పి, బయటికి తీసేసరికి మధ్యాహ్నమైపోయింది. తల్లీ బతికింది, ఇద్దరూ కేరుమన్నారు.

ఆ తర్వాత దయామణి కొండ దిగి షెడ్డు ముందు ఆగింది. నవ్వే ఓపిక లేదు, చెప్పే ఓపిక లేదు. మోచేతుల దాకా నెత్తురు మరకలు. మేస్త్రికి అడగాలంటే భయం. పైడమ్మ గబగబా పొయ్యి మీది నీళ్ళు తెచ్చి ఆవిడ చేతుల మీద పోసింది.

"అబ్బా! కాలిపోతున్నాయే పైడమ్మా! చన్నీళ్ళు కలపొద్దూ?" అని గట్టిగా కసిరింది దయామణి.

అంతే. సింహాచలం మేస్త్రి సామాన్ల పెట్టె మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

బండి కొండ దిగింది,
కథ కంచికి సాగింది,
నర్సమ్మకి నిద్ర పట్టింది,
నా నడుమూ పక్క పట్టింది.