ఆవిరిగదిలో హోదా

ఒకానొక మంచు రాజ్యంలో, రష్యా దేశాన, హోదాల పిచ్చి ముదిరిన చక్రవర్తి ఒకడుండేవాడు. అక్కడి భాషలో హోదాను ‘చిన్’ అంటారు. అందుకే హోదా దక్కిన ప్రతి ఉద్యోగికీ ‘చినోవ్నిక్’ అన్న పిలుపు వచ్చింది. పిలుపుతో పాటే వాళ్ల కళ్లూ నెత్తికెక్కాయి. ఎదుటివాడి భుజం మీది పట్టీల వెడల్పు చూశాక గాని దండం పెట్టేవారు కాదు.

ఒకనాడు మంత్రి గవ్రీలా శాసనం వేయించాడు: హోదా లేనివాడు కోటలో ఉండరాదని. విదూషకుడు ఫోమాకు ఏ హోదా లేదు. బయట ఎముకలు కొరికే చలి. కోట పొయ్యి పక్కన చోటు పోతే అతనికి తలదాచుకునే నీడ లేదు, పాపం.

ఫోమా చక్రవర్తి ముందు నిలబడ్డాడు.

“పోతాను ప్రభూ. ఒక్క సందేహం తీర్చండి. ఈ చిన్ అనేది మనిషిలో ఉంటుందా, కోటులో ఉంటుందా?”

“మనిషిలోనే. కటిక చీకట్లోనైనా నా మంత్రి నన్ను గుర్తుపడతాడు,” అన్నాడు చక్రవర్తి మీసం దువ్వుతూ.

“అయితే రేపు స్నానాల గదిలో తమరు కింది బల్ల మీద మౌనంగా కూర్చోండి. మంత్రిగారు గుర్తుపడితే నా దారిన నేను పోతాను. లేకుంటే నన్ను ఉండనివ్వండి.”

చక్రవర్తి ఒప్పుకున్నాడు.

ఆ దేశంలో చిన్నా పెద్దా కలిసి ఆవిరిస్నానం చేయడం ఆచారం. అందరికీ ఒంటి మీద తువ్వాలే. వేడి బాగా తగిలే పైబల్ల చక్రవర్తిది. మర్నాడు ఫోమా కాలిన రాళ్ల మీద నీళ్లు గుమ్మరించి, గది నిండా ఆవిరి లేపి, ఆ పైబల్ల ఎక్కి కూర్చున్నాడు.

గవ్రీలా రాగానే ఫోమా గంభీరంగా దగ్గాడు, అంతే. మంత్రి వంగి దండం పెట్టి, అక్కడి స్నానపు ఆచారం ప్రకారం ఆకుల కట్టతో అతని వీపు భక్తిగా తట్టసాగాడు. కింద ఊరికే కూర్చున్న మనిషిని చూసి కసిరాడు:

“ఏమయ్యా, చూస్తూ కూర్చుంటే ఎలా? ఏలినవారికి నీళ్లందించు.”

చక్రవర్తి నోరెత్తకుండా లేచి నీళ్లందించాడు. ఫోమా తీరిగ్గా పోసుకుని, దిగి వచ్చి తలుపు తెరిచాడు. ఆవిరి చెదిరింది. గవ్రీలా తేలు కుట్టిన దొంగలా బిగుసుకుపోయాడు.

“మంత్రిగారి తప్పేం లేదు ప్రభూ,” అన్నాడు ఫోమా. “చిన్ బయట కొక్కేనికి వేలాడుతోంది. లోపలికి వచ్చింది మనుషులే.”

చక్రవర్తి ముఖం ముడుచుకున్నాడు. తన చేతిలోని ఖాళీ చెంబు చూసుకున్నాడు. ఇక నవ్వు ఆపుకోలేకపోయాడు. శాసనం అక్కడికక్కడే కొట్టేసి, “నీకు ఏ హోదా కావాలో కోరుకో,” అన్నాడు.

“హోదాకు చలి ఆగదు ప్రభూ. తమ బొచ్చుకోటు ఇప్పించండి. పట్టీలు ఊడదీసుకోండి, అవి మంత్రిగారికి పనికొస్తాయి.”

ఆ సాయంత్రం ఫోమా చక్రవర్తి కోటు తొడుక్కుని పొయ్యి పక్కన హాయిగా కునుకు తీశాడు. అటుగా పోయే చినోవ్నిక్‌లు మాత్రం, ఎందుకైనా మంచిదని, ఒంగి దండం పెట్టి మరీ వెళ్లారు.