బిజిలీ పొట్ట, ఏడో చిల్లు

ఊరి చివర దస్తగిరి కొట్టంలో మూడు ప్రాణులు ఉండేవి. పదేళ్లుగా పెళ్లికొడుకులను మోస్తున్న తెల్లగుర్రం బిజిలీ, నిరుడు కొన్న కుర్రగుర్రం సితార, ఈ రెంటి మధ్య పడుకుని రెంటి మాటలూ వినే ఒక మేకపోతు. మేకపోతుకు గడ్డం పొడుగు, నాలుక ఇంకా పొడుగు. గుర్రాలు రెండూ దాన్ని గడ్డం మామా అని పిలిచేవి.

బిజిలీ అంటే మెరుపు. పేరుకు మెరుపే గానీ, పెళ్లిళ్లు లేని నెలలన్నీ తిని పడుకుని పొట్ట పెంచింది. ఆ ఏడు దస్తగిరి అద్దాలు కుట్టిన కొత్త జీను చేయించాడు. తీరా వచ్చాక చూస్తే పొట్ట కింద బిగించే పట్టీ పొట్టిగా ఉంది. పాత పట్టీని ఏడో చిల్లు దాకా లాగితే ఎంతో, ఇది మొత్తం అంతే. కుట్టినవాడు మళ్లీ విప్పేది లేదన్నాడు.

"మాఘమాసంలో మొదటి పెళ్లి నాటికి మీలో ఏది ఏడో చిల్లుకు దిగితే దానికే ఈ జీను," అని దస్తగిరి రెంటి ముందూ నిలబడి చెప్పేశాడు. "రెండోది ఈ సీజనంతా ఇటుక బట్టీలో బండి లాగాల. ఇద్దరినీ కూర్చోబెట్టి మేపడం నా వల్ల కాదు."

బట్టీ మాట వినగానే బిజిలీకి చెమటలు పట్టాయి. బాజాల ముందు పూలదండలతో నడిచిన తను మట్టిబండి లాగడమా? ఆ రోజే పట్టుదలగా మొదలుపెట్టింది. తొట్టిలో పోసిన ఉలవల్లో సగమే తినేది. సాయంత్రం మైదానంలో సితార నాలుగు చుట్లు తిరిగితే, తను పది తిరిగేది. ఫలితం కూడా కనబడింది. ప్రతి సోమవారం పొద్దున దస్తగిరి పాత పట్టీ బిగించి చూసేవాడు. రెండో చిల్లు, మూడు, నాలుగు, ఐదు.

ఐదు వచ్చిన సోమవారమే సితార ఆరుకు దిగింది.

బిజిలీ కడుపులో నిప్పు పడింది. న్యాయంగా చెప్పాలంటే సితార చేసిందేమీ లేదు, అది పుట్టుకతోనే సన్నం. కానీ అసూయకు న్యాయంతో ఏం పని? సితార మెడ తిప్పితే వగలనిపించింది, నీళ్లు తాగితే నాటకమనిపించింది.

ఆ తర్వాతి సోమవారం దస్తగిరి ముందు సితారకు పట్టీ బిగించాడు. బిజిలీ పక్కనుంచి కళ్లు పెద్దవి చేసి చూస్తూ, గుండెల నిండా గాలి పీల్చి బిగబట్టింది. ఉక్రోషం వస్తే అలా బిగబట్టడం దానికి పిల్లప్పటి నుంచీ అలవాటు. పొట్ట కుండలా నిలిచింది. దస్తగిరి ఇటు వచ్చి దాని పట్టీ లాగాడు. ఐదు. మరుసటి వారమూ ఐదే. ఆ మరుసటి వారమూ ఐదే.

"మామా, నాకేం రోగమొచ్చింది?" అని బిజిలీ ఏడుపు గొంతుతో అడిగింది. "సగం తిన్నా ఐదే, పావు తిన్నా ఐదే. పది చుట్లకు పదిహేను తిరుగుతాండా. ఒక్క చిల్లు కదలదే!"

మేకపోతు గడ్డం ఊపింది. "నీకేం రోగం లేదు తల్లీ. ఆ పిల్లకే ఏదో పెడతాండారు. నిన్న దస్తగిరి దాని నోట్లో ఏదో పెట్టడం నా కళ్లతో చూసినా."

పెట్టింది బెల్లంముక్క. ఆ సంగతి మామ చెప్పలేదు.

"మందా మామా?"

"నేనెందుకు చెప్పాల? చెబితే చాడీలంటారు. నువ్వు మాత్రం ఆ పావు కూడా మానెయ్. తొట్లో మిగిలితే దస్తగిరి తిడతాడు గదా, ఇటు తోసెయ్. తినలేకపోయినా నీ కోసం తింటా."

అలా బిజిలీ ఉలవలన్నీ మామ పొట్టలోకి చేరుతున్నాయి. మామ వీపు బల్లలా పరుచుకుంది.

ఒకనాడు సితారే దగ్గరికి వచ్చింది. "అక్కా, ఒక మాట చెబుతా, కోపం తెచ్చుకోవద్దు. పట్టీ బిగించేటప్పుడు నువ్వు ఊపిరి బిగబడతాండావు. ఒక్కసారి వదిలి చూడు. నీ డొక్కలు చూస్తే నాకే భయమేస్తాంది."

"నిన్నగాక మొన్న వచ్చి నాకు ఊపిరి పీల్చడం నేర్పుతావా?"

"నేను కుర్రదాన్ని, బట్టీలోనైనా ఎట్లో నెట్టుకొస్తా. నువ్వు తట్టుకోలేవక్కా."

ఆ జాలి బిజిలీకి తిట్టుకన్నా ఎక్కువగా గుచ్చుకుంది. అది వెళ్లగానే మామను అడిగింది. మామ నవ్వింది. "ఊపిరి వదిలితే పొట్ట కిందికి జారి ఇంకా లావు కనబడతావు. అదే దాని ఎత్తు. జీను కోసం నీతో పోటీపడేది నీకు మంచి చెబుతాదా, పిచ్చిదానా?"

"నేనూ అదే అనుకున్నా," అంది బిజిలీ. నిజంగానే అదే అనుకుంది.

మాఘమాసం వచ్చింది. పెళ్లినాటి మధ్యాహ్నమే మేళం వాళ్లు కొట్టం ముందు దిగారు. దస్తగిరి హడావిడిగా సితారకు పట్టీ బిగించాడు. ఏడు. బిజిలీ ఒళ్లంతా మండిపోయింది. ఎన్నడూ పీల్చనంత గాలి పీల్చి, పళ్లు బిగించి నిలబడింది. దస్తగిరి ఒకసారి లాగాడు, రెండుసార్లు లాగాడు. ఐదు.

"ఇంతే రాసిపెట్టి ఉంది నీకు," అని దాని మెడ నిమిరాడు. దాని మీది పాత జీను విప్పే తీరిక కూడా లేక, సితారకు అద్దాల జీను వేయడానికి పరుగెత్తాడు.

గుర్రం కోసం వచ్చిన పెళ్లికొడుకు మేనమామ ఊరికే ఉండలేక మేకపోతు వీపు నొక్కి చూశాడు. "దస్తగిరీ, రేపు విందుకు దీన్ని కూడా పంపు. ఇట్లాంటిది సంతలో దొరకదు." గడ్డం మామ ఏదో చెప్పబోయింది గానీ, అప్పటికే మెడకు తాడు పడింది.

బాజాలు మోగాయి. అద్దాలు తళుక్కుమంటూ సితార వీధి మలుపు తిరిగింది. అది కనుమరుగైందాకా బిజిలీ కళ్లార్పకుండా చూసింది. ఇక చూడడానికి ఎవరూ లేరు. అప్పుడు పెద్ద నిట్టూర్పు విడిచింది. ఇన్ని వారాల గాలి ఒక్కసారిగా బయటికి పోయింది. జీను పక్కకు ఒరిగి, గిర్రున తిరిగి పొట్ట కిందికి వచ్చి వేలాడింది.

బిజిలీని తోలుకుపోవడానికి వచ్చిన బట్టీ మేస్త్రీ అది చూసి గొణుక్కున్నాడు. జీను పైకెత్తి పట్టీ లాగాడు. ఆరు దాటింది, ఏడు దాటింది, ఎనిమిదో చిల్లుకు గానీ బిగియలేదు.

"ఇంత బక్కదాన్ని పెళ్లికి పంపకుండా నాకెందుకు అంటగట్టినాడో ఈ దస్తగిరి!" అంటూ మేస్త్రీ కళ్లెం పట్టుకుని బట్టీ దారి పట్టాడు.

నీతి: పక్కవాళ్ల నడుము చూసి ఊపిరి బిగబట్టేవాళ్లకు, తమ నడుము తగ్గిన సంగతి తెలియదు.