ఓదెవ్వ విరవని వెదురుబద్దలు

అనగనగా, ఏళ్లకు లెక్క కట్టేవాళ్లు ఇంకా పుట్టని కాలాన, తాటివనాల నడుమ ఒక పల్లె ఉండేది. ఆ పల్లెలో ఓదెవ్వ అనే ఆమె ఇంటింటా వడ్లు దంచి బతికేది. ఆమెకు భూమి లేదు, గొడ్డు లేదు, పెట్టెలో పట్టుచీర లేదు. ఉన్నది ఒక్క తమ్ముడు, కనకడు. తాటిచెట్లెక్కి కల్లు దించేవాడు.

ఒకనాడు గాలి రేగింది. చెట్టుకూ నడుముకూ కలిపి వేసుకున్న మోకు తెగింది. కనకడు పైనుంచి పడ్డాడు. తొడ ఎముక విరిగింది.

వాగు అవతల ఎముకలు అతికే వైద్యుడు ఒకాయన ఉండేవాడు. అందరూ కట్లయ్య అనేవారు. ఆకుపసరు పూసి, వెదురుబద్దలు పెట్టి, గుడ్డ చుట్టి కట్టు కట్టేవాడు. ఆయన కట్టు కింద అతకని ఎముక లేదు. అది నిజం. ఆ మాట ఎవరూ కాదనలేదు.

అయితే ఆ ఇంట రెండు కట్టుబాట్లు ఉండేవి. రోగి దగ్గర కూర్చున్నవాళ్లు కంటతడి పెట్టరాదు. కట్టు మీద కన్నీరు పడితే ఎముక అతకదు. కట్టు విప్పిననాడు రోగి గడపలో నిలబడి "నా బాధ తీరింది" అని మూడుసార్లు చెప్పాలి. చెప్పి, బద్దలు విరిచి వాగులో వేయాలి. చెప్పకపోతే ఆ బాధ ఇంట్లోనే ఉండిపోయి మిగిలిన రోగులను పట్టుకుంటుందని నమ్మేవారు. అందుకని అందరూ చెప్పేవారు. తీరినవాళ్లూ చెప్పేవారు, తీరనివాళ్లూ చెప్పేవారు.

ఓదెవ్వ తమ్ముడిని ఆ ఇంటికే మోయించుకుపోయి, అక్కడ మంచం పక్కన కూర్చునేది. ఏడుపు వస్తే గొడ్లకొట్టం వెనక్కి పోయి ఏడ్చేది. మొహం కడుక్కుని, నవ్వు తెచ్చుకుని వచ్చేది.

"నీకేం గాలె తమ్మీ. జరంత తిను."

కనకడు తినేవాడు కాదు.

"నీకేం గాలె తమ్మీ. నాతోని మాట్లాడు."

మాట్లాడేవాడు కాదు.

"నీకేం గాలె తమ్మీ. జర ఇటు సూడు."

చూసేవాడు కాదు. గోడవైపు తిరిగి పడుకునేవాడు.

ఎముక అతికింది. కట్టు విప్పారు. కట్లయ్య ఆ కాలు పట్టి చూశాడు, వేలితో తట్టాడు.

"రాయిలెక్క అయింది. లే బిడ్డా, గడపల నిలబడి చెప్పు."

కనకడు లేవలేదు.

"నీ అంతట నువ్వు లేస్తవా, పల్లకి తెప్పియ్యాల్నా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. "కల్లు దించెటోనికి కల్లు దొరకక బెంగైనట్టున్నది" అన్నారు ఒకరు. కనకడు నవ్వలేదు. అతని డొక్కలు లోపలికి పోయాయి, చెంపలు పీక్కుపోయాయి. ఇట్లాగే గోడను చూస్తూ ఉంటే తమ్ముడు తనకు దక్కడని ఓదెవ్వకు తెలిసింది.

కట్లయ్యకు కోపం వచ్చింది. "ఇది రోగం గాదు, బద్ధకం. వాడు చెప్పకుంటె నువ్వు చెప్పు. బద్దలు విరువు" అని వెదురుబద్దలు ఆమె చేతిలో పెట్టాడు.

ఓదెవ్వ పట్టుకుంది. విరవలేదు.

"తీరలే" అన్నది.

ఆ గడపలో ఆ మాట అంతకుముందు ఎవరూ అనలేదు.

"ఏమన్నవు?"

"ఎముక అతికింది, నీ చేతికి దండం. బాధ తీరలే."

"నీకెందుకు? నువ్వేమన్న రోగివా?"

"గాదు. అయినా నాది గూడ తీరలే. నాకు కన్నంటుతలేదు, ముద్ద దిగుతలేదు. నన్ను ఎవ్వలడిగిండ్రు?"

కట్లయ్య ఆమెను బయటికి పంపించాడు. బద్దలు విరిచేదాకా లోపలికి రావద్దన్నాడు. ఓదెవ్వ వాటిని ఒడిలో పెట్టుకుని వాకిటి ముందే కూర్చుంది. ఎండ వచ్చింది, కదలలేదు. వాన వచ్చింది, కదలలేదు. జనం వచ్చి తిట్టారు, కదలలేదు.

మొదట ఒక బండివాడు, బండి మీదినుంచి పడి విరిగిన చేయి బాగై, గడపలోకి వచ్చాడు. మూడుసార్లు చెప్పాడు. బద్దలు విరిచాడు.

"నిజంగ తీరిందా అన్నా?" అని అడిగింది ఓదెవ్వ.

"తీరింది" అని నాలుగడుగులు వేశాడు. ఆగాడు. వెనక్కి వచ్చాడు. "ఎడ్ల మెడల గంట సప్పుడు ఇంటె గుండె దడదడ కొట్టుకుంటది చెల్లె. మళ్ల బండెక్కుతనో లేదో" అని ఆమె పక్కన కూలబడ్డాడు.

తరువాత ఒక ఇల్లాలు తన భర్తను నడిపించుకుంటూ వచ్చింది.

"నిజంగ తీరిందా వదినా?"

"ఆయనకు తీరింది. ఆయన నీళ్లకు లేసినా నా పానం కొట్టుకుంటది, మళ్ల పడతడేమోనని. ఏడుద్దామంటె భయం, మొదలువెడితే ఆగదేమోనని."

"ఆగకుంటె ఆగకపాయె. ఈడ తడిసెటందుకు కట్టు గూడ లేదాయె" అన్నది ఓదెవ్వ.

ఆ ఇల్లాలు ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది. భర్తను కూర్చోబెట్టి తానూ కూర్చుంది.

కట్లయ్య గడపలోకి వచ్చి అరిచాడు. "నా వాకిట్ల పిరికోళ్ల సంత వెట్టినవా?"

ఓదెవ్వ లేచి నిలబడింది. లోపలి మంచానికి వినబడేటట్టు పలికింది.

"ఔ, పిరికిదాన్నే. నా తమ్ముడు సచ్చిపోతడని భయం నాకు. వాని ముంగట నవ్విన, కొట్టమెనుక ఏడ్సిన. నిన్న భయపడ్డ. ఇయ్యాల భయపడుతున్న. రేపు గూడ భయపడుత. ఇగ దాసుకోను, నువ్వు తరిమినా దాసుకోను!"

లోపల మంచం కిర్రుమన్నది. గోడ పట్టుకుని కనకడు వచ్చాడు. తన కాలివైపు చూడలేదు. అక్కవైపు చూశాడు.

"అక్కా, నీకు గూడ భయమేనా? నేనొక్కన్నే అనుకున్న."

"నేను నవ్వుకుంట తిరిగితి. నీకెట్ల తెలుస్తది తమ్మీ?"

"కండ్లు మూస్తే చెట్టు మీదికెల్లి పడుతున్ననే. ఊరికి పోతే ఎటు సూసినా తాటిచెట్లే."

"నేను గూడ నీతోనే ఉంట గద. అవి ఉంటె ఉండనీ."

"నడిసినవు గద! ఇగ చెప్పు" అన్నాడు కట్లయ్య.

కనకడు గడపలో నిటారుగా నిలబడ్డాడు. "తీరలే" అన్నాడు. "తీరలే. తీరలే." ఊపిరి పీల్చుకున్నాడు. "ఆకలైతున్నది."

ఇల్లాలు సద్దిమూట విప్పింది. బండివాడు ఉల్లిగడ్డ చితకగొట్టాడు. అందరూ ఆ వాకిట్లోనే తిన్నారు. కట్లయ్య తలుపు వేసుకున్నాడు. ఓదెవ్వ ఆ బద్దలు విరవనే లేదు. అయినా ఆ ఇంట మిగిలిన రోగులను ఏ బాధా పట్టుకోలేదు.

కనకడు మళ్లీ చెట్టెక్కలేదు. నేల మీద కూర్చుని, ఎక్కేవాళ్లకు మోకులు పేనేవాడు. కొన్నాళ్లు బాగుండేవాడు, కొన్నాళ్లు గోడవైపు తిరిగేవాడు. అప్పుడు ఓదెవ్వ "నీకేం గాలె" అనేది కాదు. రోకలి గోడకు ఆనించి, వచ్చి పక్కన కూర్చునేది.

ముసలిదై ఆమె కన్నుమూసింది. వాగుకు ఇటువాళ్లూ అటువాళ్లూ వచ్చారు. కొట్టాల వెనక్కి పోకుండా, అందరి ముందూ ఏడ్చారు.

నేటికీ ఆ తాటివనాల పల్లెల్లో కట్టు విప్పిననాడు ఎవరి చేతా ఏమీ చెప్పించరు. ముందు రోగిని అడుగుతారు. తరువాత మంచం పక్కన కూర్చున్నవాళ్లను అడుగుతారు: "మరి నీకెట్లున్నది?" తీరింది అంటే సంతోషిస్తారు. తీరలే అంటే ఎవరూ నవ్వరు, ఎవరూ తరమరు.

"ఓదెవ్వ అన్న మాటే అన్నరు, జరుగుండ్రి" అని చోటిస్తారు.